భోషాణం వార్తకెక్కితే ఏం జరుగుతుంది: నా అనుభవం

పాత చెక్క సామానుకు వెల కట్టడం, మరమ్మతు చేయించడం నా వృత్తి. కొనడం, అమ్మడం నా పని కాదు. కోనసీమలోనూ, ఏటికి అవతల నరసాపురం, పాలకొల్లు వైపూ మండువా లోగిళ్ళు విప్పేటప్పుడు, అన్నదమ్ములు పంపకాలు పెట్టుకున్నప్పుడు నన్ను పిలుస్తారు. 2024 డిసెంబరులో నేను లెక్క రాసిన ఒక ఇంటి భోషాణం, అంటే విలువైనవి దాచుకునే పాతకాలపు పెద్ద చెక్కపెట్టె, పేపర్లకెక్కింది. అక్కణ్ణించి టీవీకీ, ప్రతివాళ్ళ ఫోన్లకీ ఎక్కింది. మూడు శాఖలవాళ్ళు వచ్చారు. ఆ ఇంటివాళ్ళ వస్తువులు మళ్ళీ వాళ్ళ చేతికి రావడానికి ఫిబ్రవరి ఆఖరు పట్టింది. ఇలాంటిది మీ ఇంటికి వచ్చినా, ఈ పనిలోనే ఉన్న మరొకరికి వచ్చినా, ఏ రోజు ఏ కాగితం కావలసి వస్తుందో తెలిసి ఉండాలని రాస్తున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు, పత్రిక పేరు రాయను.

వార్తలో తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే ముందు వెల ఎలా కడతారో తెలియాలి. ప్రతి వస్తువుకీ రెండు లెక్కలు వేస్తాను. విప్పేస్తే కలప కింద ఎంత, ఉన్నది ఉన్నట్టుగా సామాను కింద ఎంత. కలప లెక్క తేలిక. ఆరంగుళాలు, ఎనిమిదంగుళాల దూలం పన్నెండడుగులుంటే 4 ఘనపుటడుగులు. పదంగుళాల గుండ్రటి స్తంభం తొమ్మిదడుగులుంటే 5కి కొంచెం తక్కువ. పాత బర్మా టేకు 2024లో మా వైపు విప్పిన ఇళ్ళ దగ్గర ఘనపుటడుగు మూడు వేల నుంచి నాలుగున్నర వేల దాకా పలికేది. మేకులు దిగిన చోట్లు, చెద తిన్న చివర్లు కొలతలోంచి తీసెయ్యాలి. కొనేవాళ్ళు ఎక్కువ తీసేస్తారు, అమ్మేవాళ్ళు అస్సలు తియ్యరు. బేరం చెడితే అక్కడే చెడుతుంది.

సామాను లెక్కకి వయసు తెలియాలి. దానికి ముందు వైపు నగిషీ చూసి లాభం లేదు. వస్తువుని పక్కకి ఒరిగించి అడుగు బల్లలు, సొరుగుల వెనక భాగం చూడాలి, అక్కడ ఎవరూ చిత్రిక పట్టరు గనక. ఇద్దరు మనుషులు లాగిన రంపం గీతలు నిలువుగా, ఎడం ఎడంగా, కాస్త వంకరగా ఉంటాయి. గుండ్రటి మిల్లు రంపం గీతలు విల్లులా వంగి ఉంటాయి. కమ్మరి కొట్టిన మేకు కాడ పలకలుగా ఉంటుంది. తీగతో చేసిన గుండ్రటి మేకులైతే పందొమ్మిదో శతాబ్దం ఆఖరు నుంచే. కొస మొద్దుగా ఉన్న స్క్రూ దొరికితే 1850కి ముందు సరుకు అయ్యే అవకాశం ఉంది. తలలో కూడిక గుర్తు గాడి ఉన్న స్క్రూ 1930ల తర్వాతిది. ఒక్క స్క్రూ మార్చినంత మాత్రాన వస్తువు కొత్తదైపోదు. బందు మార్చారా, బల్ల కూడా మార్చారా అన్నది పాత బెజ్జాలు లెక్కపెడితే తేలుతుంది. బర్మా టేకు కనపడిందంటే ఆశ్చర్యం అక్కర్లేదు. కోరంగి, కాకినాడ రేవుల మీదుగా మనవాళ్ళు రంగూన్ వెళ్ళి రావడం ఒక కాలంలో మామూలు, కలపా ఆ దారినే వచ్చింది.

ఆ ఇంట్లో పని కార్తీక పౌర్ణమి వెళ్ళాక మొదలైంది. పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారు. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు. ఇల్లు విప్పి, కలప, సామాను ఇద్దరికీ సమానంగా పంచాలి. పందిరిమంచం, రెండు పడక కుర్చీలు, ఉయ్యాలబల్ల, అద్దం బీరువా, ఒక భోషాణం. 1986 ఆగస్టు వరదలో మండువాలోకి నీళ్ళొచ్చిన గుర్తు భోషాణం కాళ్ళ మీద ఇప్పటికీ నల్లటి చారలా ఉంది.

భోషాణాన్ని లోపలా బయటా కొలవడం నాకు అలవాటు. మూత, కాళ్ళు వదిలేస్తే బయట ఎత్తు 30 అంగుళాలు. లోపల లోతు 24న్నర. అడుగు బల్ల మందం అంచు దగ్గర కొలిస్తే అంగుళం పావు. అంటే నాలుగంగుళాల పావు ఎక్కడికి పోయిందో తెలియాలి. ఇలాంటి తేడా ఉందంటే కింద దొంగ అర ఉన్నట్టే. ఎడమ పక్క తాళాలు పెట్టుకునే చిన్న పై అర ఉంటుంది కదా, దాని అడుగున వేలెడు చెక్క ముక్క ఒకటి పైకి లేస్తుంది. అది లేస్తే లోపలి బల్ల పక్కకి జరగాలి. జరగలేదు. నవంబరు తేమకి బల్ల ఉబ్బి గాడిలో బిగుసుకుపోయింది.

ఇక్కడ చాలామంది గూటం పెట్టి కొడతారు. కొట్టకూడదు. ఎండిన టేకు బల్ల అంచు పోగు వెంట చీలుతుంది, చీలితే వెల సగానికి పడిపోతుంది. 60 వాట్ల బల్బు ఒకటి లోపల వేలాడదీసి, మూత నాలుగు వేళ్ళ సందు ఉంచి, రెండు రాత్రులు వదిలేశాం. గాడిలో మైనం రుద్దాక బల్ల చేతితోనే జరిగింది.

దొంగ అర అనుమానం వచ్చినప్పుడు వాటాదారులందరూ ఉంటే తప్ప తెరవను. నవంబరు 22, శుక్రవారం, అన్నదమ్ములిద్దరూ వచ్చాకే తెరిచాం. మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీశాం. లోపల గుడ్డ సంచిలో 61 వెండి రూపాయలు, స్టాంపు కాగితాల మీద రాసిన పాత దస్తావేజుల కట్ట, మూత మీద తెల్లటి పొదుగుడు పనితనమున్న అరచేయంత పెట్టె ఒకటి. అంతే. నాణేలను ఏడాదివారీగా వరసపెట్టి, తూకం వేసి, ఫొటో తీసి, జాబితా మూడు ప్రతులు రాసి అందరం సంతకాలు పెట్టాం. పెద్దావిడ చింతపండు తేబోతుంటే ఆపాను. తోమితే వెండి మెరుస్తుంది గానీ పైపొర పోతుంది, నాణెం సేకరించేవాళ్ళు అలాంటిదాన్ని తూకానికే అడుగుతారు.

విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయలవి. ఒక్కోటి 11.66 గ్రాములు, నూటికి 91.7 వంతు వెండి, అంటే ఒక్క నాణెంలో పదిన్నర గ్రాములు దాటి వెండి. అప్పుడు వెండి గ్రాము 90 రూపాయల పైన ఉంది. అరిగింది పోగా తూకం కింద మొత్తం అరవై వేలకు అటూ ఇటూ. సగానికి పైగా 1862 తేదీవి. ఆ తేదీ చూసి అందరూ గుండెలు బాదుకుంటారు గానీ, అదే తేదీతో ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొట్టారు, దొరకనివేం కావు. అన్నిటికన్నా చివరి నాణెం 1918ది. కాబట్టి ఆ సంచి అక్కడ పెట్టింది 1918కి ముందు కాదు. భోషాణం కలప కింద ముప్పై అయిదు వేలు, సామాను కింద లక్షా పాతిక వేలు అని రాశాను. ఆ ఇంటి సామాను మొత్తం నా కాగితంలో ఆరు లక్షలు దాటలేదు.

డిసెంబరు 2, సోమవారం సాయంత్రం ఒక విలేకరి ఫోన్ చేశాడు. "ఏవండీ, భోషాణంలో ఏదో దొరికిందంట, ఎంతుంటుందండీ?" అన్నాడు. ఇంటివాళ్ళు చెప్పమంటేనే చెబుతానండీ, అది వాళ్ళ సొంత విషయం అని పెట్టేశాను. మంగళవారం పొద్దున్నే జిల్లా పేజీలో వచ్చేసింది. నిధి అన్నారు, కోట్లు అన్నారు, ఆ కోట్ల అంచనా నాదే అని నా పేరుతో సహా రాశారు. భోషాణం ఫొటో ఇల్లు విప్పడానికొచ్చిన కుర్రాడి ఫోన్లోంచి వాట్సాప్ గ్రూపుకి వెళ్ళింది. కోట్ల సంగతి తర్వాత ఆరా తీస్తే తెలిసింది. రోడ్డు పక్క ఇంటి స్థలం ఎంత చేస్తుందో ఊళ్ళో ఎవరో చెప్పిన మాట అది. స్థలం ఖరీదు పెట్టెలోకి చేరిపోయింది.

ఆ కుర్రాడి మీద గానీ, ఆ విలేకరి మీద గానీ నాకు పగ లేదు. ఊళ్ళలో రాసేవాళ్ళకి జీతం ఉండదు, అచ్చయిన కొలతను బట్టి ఇస్తారు. చిన్న వార్తకి రాబడి లేదు. కానీ దెబ్బ పడింది అరవై ఏడేళ్ళ ఒంటరి మనిషి ఇంటి మీద. అది నేను మర్చిపోలేను.

బుధవారం టీవీవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక యూట్యూబ్ చానళ్ళు. గేటు వేస్తే ప్రహరీ ఎక్కారు. మండువాకి పైకప్పు ఉండదు కదా, నడి వాకిలి మీదకి డ్రోను దించారు. పెద్దావిడ వంటింట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. "నా ఇంట్లో నేను దొంగలా దాక్కోవాలాండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒక చానల్లో ఆ చిన్న పెట్టె ఫొటో చూపించి ఏనుగు దంతం అన్నారు. ఆ ఒక్క మాట వల్ల అటవీ శాఖ వచ్చింది.

ఆ పూట నాకు పనికొచ్చింది ఒక్కటే, అరపేజీ ప్రకటన. ఏ ఇంటి సామానుకి వెల కడుతున్నానన్నది, ఎవరికీ ఏ అంకె చెప్పలేదన్నది, నా పేరుతో వచ్చిన అంచనా నాది కాదన్నది, వివరాలు ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఇవ్వలేనన్నది. అందరికీ అదే కాగితం. నోటితో ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఒకరికి ఒక వాక్యం ఎక్కువ చెబితే మిగతావాళ్ళు దాన్ని పట్టుకుని మళ్ళీ వస్తారు. ఫోన్లో అడిగినవాళ్ళని పేరు, సంస్థ చెప్పమని, రాసుకుని, అదే కాగితం పంపాను. చాలామంది అది వెయ్యలేదు, కానీ తర్వాత ఫిర్యాదులకి అదే ఆధారం అయింది.

ఆ రోజే చెయ్యాల్సిన ఇంకో పని పేపరు కొనడం. జిల్లా పేజీలు ప్రాంతానికొక రకంగా మారతాయి. అమలాపురంలో వచ్చిన పేజీ భీమవరంలో ఉండదు, మర్నాడు ఏ కొట్లోనూ దొరకదు. నాలుగు కాపీలు కొని దాచాను. ఈ-పేపరు పేజీని తేదీ, ఎడిషన్, పేజీ నంబరు కనపడేట్టు దింపుకున్నాను. వీడియోలకి లింకు, చానల్ పేరు, ఎక్కించిన తేదీ, ఎన్నో నిమిషంలో ఏ మాట అన్నారో రాసి పెట్టాను. కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చెయ్యాలి. ఏ ఫోన్లో, ఎవరు, ఎప్పుడు దింపారో అప్పుడే రాసుకోకపోతే ఆ పత్రం నింపడం కష్టం.

డిసెంబరు 5, గురువారం ఎమ్మార్వో గారు వచ్చారు, వీఆర్వో, ఇద్దరు కానిస్టేబుళ్ళతో. మర్యాదగానే మాట్లాడారు. పైనుంచి అడుగుతున్నారు, వచ్చి చూడకపోతే మాకు ఇబ్బందండీ అన్నారు. నాణేలు, పెట్టె, దస్తావేజులు పంచనామా రాసి తీసుకెళ్ళారు. పంచనామాలో మొదట 'పురాతన నాణేలు, ఒక సంచి' అని రాశారు. అలా ఒప్పుకోకండి. మా జాబితా చూపించి, ఏడాదివారీగా ఎన్ని, మొత్తం తూకం గ్రాముల్లో, పెట్టె కొలతలు, దస్తావేజులు ఎన్ని కాగితాలు అన్నీ రాయించాం. కవరు సీలు మీద అన్నదమ్ముల సంతకాలు పెట్టించాం. నకలు అక్కడికక్కడే తీసుకున్నాం. దీనికి గంటన్నర పట్టింది, అధికారులు విసుక్కోలేదు. జాబితా ముందే తయారుగా ఉండడం వాళ్ళకీ సౌకర్యమే.

చట్టం సంగతి. నిధి అనగానే అందరూ చెప్పేది 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. అది వర్తించేది భూమిలో గానీ, భూమికి అంటి ఉన్నదాంట్లో గానీ దాచిన విలువైన వస్తువుకి. పది రూపాయలకి మించితే దొరికినవాళ్ళు కలెక్టరుకి తెలపాలి. అదే సంచి గోడలో గూడు కట్టి దాచి ఉంటే ఈ చట్టం కిందకి వచ్చేది, ఎందుకంటే గోడ భూమికి అంటి ఉంది. భోషాణం నలుగురు ఎత్తి పక్కకి పెట్టే సామాను. ఇల్లు విప్పుతున్నప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పలేను. ఎక్కడ, దేంట్లో దొరికిందో తెలిపే వీడియో మా దగ్గర ఉంది గనక మాట నిలబడింది.

రెండోది 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం, అమల్లోకి వచ్చింది 1976 ఏప్రిల్ 5న. వందేళ్ళు నిండిన నాణెం గానీ, పనితనమున్న వస్తువు గానీ పురావస్తువే, రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. తప్పనిసరిగా నమోదు చేయించాల్సినవి కొన్ని రకాలే: రాతి, లోహ, దంత విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్కలో మలిచిన మూర్తులు. మామూలు రూపాయి నాణేలు ఆ జాబితాలో లేవు. గుమ్మం పైన గజలక్ష్మి చెక్కి ఉంటే మాత్రం దాన్ని కలప కింద అమ్మే ముందు ఆగి అడగండి. ఇదంతా రెండు పేజీల్లో రాసి, వీడియో జతచేసి, పెద్ద కొడుకు సంతకంతో తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాం.

శుక్రవారం పొద్దున పెరట్లో గొయ్యి కనపడింది. తులసికోట పక్కన మొలలోతు. రాత్రి ఎవరో తవ్వి వెళ్ళారు. వంటింటి గోడ పునాదిలోంచి రెండు రాళ్ళు పీకారు. కొడుకులు పెద్దావిడని పాలకొల్లులో చెల్లెలి ఇంటికి పంపేశారు. కాపలాకి మనిషిని పెట్టారు, రాత్రికి 600. పోలీసులకి రాసిచ్చి బీటు అడిగాం. కొన్నాళ్ళు వచ్చారు.

డిసెంబరు 9, సోమవారం అటవీ శాఖవాళ్ళతో నన్నూ రమ్మన్నారు. దంతమైతే చిక్కు నిజమైనదే. మన దేశంలో ఏనుగు దంతం కొనడం, అమ్మడం పూర్తిగా నిషేధం, పాతదైనా సరే. విశాఖపట్నం పనివాళ్ళు దంతం, కొమ్ము, ముళ్ళపంది ముళ్ళు పొదిగిన పెట్టెలు ఒకప్పుడు చాలా చేశారు. అలాంటి వస్తువు కనపడితే నేను వెల కట్టను, కాగితంలో వర్ణన మాత్రం రాస్తాను. ఈ పెట్టె విషయంలో నవంబరులోనే ఎముక అని రాసి ఉంది. పది రెట్లు చూపే భూతద్దం పెడితే తేడా తెలుస్తుంది. దంతం అడ్డకోతలో గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుతూ వల అల్లినట్టు ఉంటాయి. ఎముకలో అలా ఉండదు, సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు ఉంటాయి. అవి ఒకప్పుడు రక్తం పారిన నాళాలు, కాలక్రమాన మురికి పట్టి నల్లబడతాయి. సెల్యులాయిడ్ అయితే గీతలు మరీ క్రమంగా, సమాన దూరంలో ఉంటాయి. వేడి సూది పరీక్ష చెయ్యమని కొందరంటారు, వద్దు, మచ్చ పోదు. ఆ పెట్టె మూత నిండా నల్ల చుక్కలే. వచ్చిన అధికారి పెట్టె మూల అంచు దగ్గర పలక పగిలిన చోట చూసి, ఫొటో తీసుకుని, ఎముకేనని రాసి వెళ్ళిపోయారు. టీవీలో మాత్రం అది దంతంగానే ఉండిపోయింది.

వార్తల మీద ఫిర్యాదులు ఎలా వెళ్ళాయో చెబుతాను, ఎందుకంటే గడువులు ఎవరికీ తెలియవు. పత్రికకి ముందు సంపాదకుడికి రాయాలి. డిసెంబరు 7న రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపాను: ఏ వాక్యం తప్పు, నిజమేమిటి, ఆధారం ఏమిటి, అదే పేజీలో సవరణ కావాలి. ఆవేశం ఒక్క ముక్క రాయలేదు. డిసెంబరు 21న సవరణ వేశారు, లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఇంటివాళ్ళ సంగతి అందులో లేదు. దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్ళాలంటే అచ్చయిన రెండు నెలల్లోపు వెళ్ళాలి. రుసుము లేదు. పత్రిక క్లిప్పింగు, సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, కోర్టులో కేసు లేదన్న ప్రకటన జత చెయ్యాలి. నేను ఊహించనిది, తెలుగు వార్తకి ఇంగ్లీషు అనువాదం కూడా కావాలి. జనవరి ఆఖరి వారంలో పంపాం. కౌన్సిల్ జరిమానా వెయ్యలేదు, హెచ్చరించగలదు, అభిశంసించగలదు. అయినా పంపమనే చెబుతాను, అధికారిక ఫైలులో మన మాట కూడా ఉంటుంది.

టీవీ దారి వేరు. 2021 కేబుల్ నియమాల ప్రకారం ముందు చానల్ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 24 గంటల్లో అందినట్టు చెప్పి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా మరో 15 రోజుల్లో ఆ చానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్ళొచ్చు. ప్రసారం రికార్డు 90 రోజులు వాళ్ళ దగ్గర ఉండాలి, దాన్ని చెరపకుండా ఉంచమని మొదటి ఉత్తరంలోనే అడగండి. మాకు జవాబు రాలేదు గానీ సంక్రాంతి ముందు వీడియో మాయమైంది. యూట్యూబ్‌లో పెద్దావిడ ముఖం, ఇంటి నంబరు కనపడే వీడియోల మీద ప్రైవసీ ఫిర్యాదు పెట్టాం. ఎక్కించినవాళ్ళకి 48 గంటలు గడువిస్తారు, తర్వాత యూట్యూబ్ చూస్తుంది. కొన్ని పోయాయి, రెండు ఇంకా ఉన్నాయి. ముఖం కనపడినవాళ్ళే ఆ ఫిర్యాదు పెట్టాలి, నేను పెడితే చెల్లదు. పెద్దావిడ ఫోన్లో ఖాతా తెరవడానికే ఒక పూట పట్టింది.

లాయరు నోటీసులు రెండింటికి 6,000, తపాలా, నకళ్ళు, అనువాదానికి 4,000 దాకా అయింది. కాపలా ఖర్చు ఇంటివాళ్ళది, ఇరవై అయిదు వేలు దాటింది. దొరికిన వెండిలో సగానికి పైగా దాని చుట్టూ కాపలాకీ కాగితాలకీ పోయింది.

వీటన్నిటి మధ్య ఫోన్లు. బియ్యం లాగే చెంబు మా దగ్గరుందండీ, ఇరిడియం అండీ, వెల కట్టండి అని. రెండు తలల పాము ఉందని ఒకరు. ఇవన్నీ మోసాలు. వార్తల్లోకి ఎక్కిన నిపుణుడి పేరు వాడుకుని అమాయకుల్ని ముంచడం ఇలాంటి ముఠాల పద్ధతి, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోకండి. బియ్యానికి ఇనప రజను పట్టించి, చెంబు అడుగున అయస్కాంతం పెడితే ఏ చెంబైనా బియ్యాన్ని లాగుతుంది. ఎవరైనా నా పేరుతో కాగితం చూపిస్తే నమ్మొద్దని పోలీసు స్టేషన్లో ముందే రాసిచ్చాను. ఆ పని డిసెంబరులోనే చెయ్యడం మంచిదైంది.

నాకు నిజంగా నష్టం జరిగింది సంక్రాంతికి. బయటి ఊళ్ళలో ఉన్న పిల్లలందరూ పండక్కి వస్తారు, పంపకాలు అప్పుడే మాట్లాడుకుంటారు, నాకు ఏడాది పనిలో సగం అప్పుడే కుదురుతుంది. ఈసారి మాట ఇచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు వద్దండీ అన్నారు. మీరొస్తే పేపరోళ్ళొస్తారని ఒకాయన ముఖం మీదే చెప్పారు. రాజోలు వైపు ఒక ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి బయటి లారీకి తూకం లెక్కన ఇచ్చేశారు. కర్ర చీలలతో బిగించిన పందిరిమంచం కీళ్ళు విప్పడం తెలియక దాని కాళ్ళు రంపంతో కోశారు. గూట్లోంచి చెక్క నాలుక ఊడి రావాలంటే ముందు చీలని సన్నగా ఉన్న వైపు నుంచి తట్టాలి, పది నిమిషాల పని. కోసిన ముక్కలు నేను చూశాను. నా పేరు పాడైనదానికంటే అది ఎక్కువ బాధపెట్టింది.

జనవరి ఆఖరులో పురావస్తు శాఖ నుంచి ఒకరు వచ్చి నాణేలు చూశారు. ప్రత్యేకమైనవి లేవని రాశారు. ఆ కాగితం ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరగడానికి ఇంకో నెల. ఫిబ్రవరి 25న నాణేలు, దస్తావేజులు, పెట్టె తిరిగి ఇచ్చారు. సీలు తీసే ముందు సంతకాలు చూసుకుని, మా జాబితాతో ఏడాదివారీగా సరిచూసి, మళ్ళీ తూకం వేసి, అప్పుడే రసీదు మీద సంతకం పెట్టించాను. తూకం సరిపోయింది. దస్తావేజుల్లో ఒకటి మడత దగ్గర చిరిగింది, అదీ రసీదులో రాయించాం.

భోషాణం చిన్న కొడుకు వాటాకి వెళ్ళింది. వెంటనే హైదరాబాదు పంపవద్దన్నాను. డెల్టా తేమలో వందేళ్ళు ఉన్న చెక్క ఏసీ గదిలోకి ఒక్కసారిగా వెళితే బల్లలు కుంచించుకుని కీళ్ళ దగ్గర పగుళ్ళిస్తాయి. కొన్నాళ్ళు ఫ్యాను గదిలో, ఏసీ లేకుండా ఉంచి, తర్వాత మార్చాలి. లక్క పాలిష్ కూడా ముసురు రోజుల్లో వెయ్యకూడదు, స్పిరిట్ ఆరేటప్పుడు తేమ పట్టి తెల్లగా మసకేస్తుంది. మార్చిలో ఎండ నిలబడ్డాక లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల లక్క కలిపి గుడ్డ మూటతో పలచగా వేయించాం. ఆర్నెల్ల కిందట కలిపిన ద్రావణం మిగిలి ఉన్నా వాడలేదు, పాతబడితే అది జిగటగా ఉండిపోతుంది, ఆరదు.

ఇప్పుడు ఒప్పంద కాగితంలో ఒక వాక్యం చేర్చాను. సామాను ఫొటోలు నా కెమెరాలోనే తీస్తాను, పనివాళ్ళ ఫోన్లు ఆ గదిలోకి రావు, జాబితా వాటాదారులకి తప్ప ఎవరికీ ఇవ్వను. మేస్త్రీలు మొదట నొచ్చుకున్నారు, కారణం చెబితే ఒప్పుకున్నారు. పంపకం జరిగే ఇంటివాళ్ళకి ముందే చెబుతున్నాను, ఏదైనా దొరికితే ఆ రోజే జాబితా, వీడియో, సంతకాలు, ఆ తర్వాతే ఫోన్లు అని.

2025లో నేను ఇది రాసేనాటికి ప్రెస్ కౌన్సిల్ నుంచి ఫిర్యాదు అందినట్టు ఉత్తరం వచ్చింది, విచారణ తేదీ రాలేదు. పరువు నష్టం కింద సివిల్ దావా వెయ్యడానికి అచ్చయిన రోజు నుంచి ఏడాది గడువు, అంటే 2025 డిసెంబరు 3 లోపు. దావా వేస్తే కౌన్సిల్ ఫిర్యాదు ఆగిపోతుందని లాయరు గారు చెప్పారు, రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. కాగితాలన్నీ రెండు ఫైళ్ళుగా కట్టి ఒకటి పాలకొల్లులో పెద్దావిడకి ఇచ్చాను. ఏది ఎంచుకోవాలో ఆవిడ చెప్పాలి.